మోగని కత్తి

పాట ఇంకా తొమ్మిదో వస్తువు దగ్గరే ఉంది. గోడ గడియారం. వేలం పాడిస్తున్న డ్రాయింగు మాస్టారు దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని అటూ ఇటూ తిప్పి చూపిస్తున్నాడు, కొనేవాళ్ళ కంటే చప్పట్లు కొట్టేవాళ్ళే ఎక్కువున్నారు హాల్లో, ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి కిందికి దిగట్లేదు. తమది పద్నాలుగోది. మధ్యలో ఇంకా నాలుగున్నాయి, ఇత్తడి కెటిలు, తివాచీ, గుర్రాల బొమ్మ, ఊలు దుప్పటి, ఒక్కోదానికి పావుగంట వేసుకున్నా గంట, గంటలో ఏమైనా జరగొచ్చు, కరెంటు పోవచ్చు, మాస్టారి గొంతు పోవచ్చు, పెద్ద వానొచ్చి జనం లేచిపోవచ్చు. ఇవేవీ జరగవని కత్తులాయనకు తెలుసు, తెలిసీ కిటికీలోంచి ఆకాశం వంక చూశాడు, మబ్బు తునక లేదు. అతని ఎడమ మణికట్టు భార్య పిడులమ్మ చేతిలో ఉంది. చూపు పోయినప్పటి నుంచీ బయటికొస్తే ఆమె అలాగే పట్టుకుంటుంది, అరచెయ్యి కాదు, మణికట్టు, సరిగ్గా నాడి కొట్టుకునే చోట. ముప్పై ఏళ్ళు ఆకురాయి పట్టిన వేళ్ళు అవి, వాటికి తెలియకుండా ఒంట్లో ఏదీ దాచలేం. అందుకని అతను ఊపిరి మెల్లగా పీల్చి మెల్లగా వదులుతున్నాడు, పక్కన కూర్చున్నవాళ్ళు చూస్తే ఆయాసం మనిషేమో అనుకుంటారు.

"ఎందుకయ్యా అంత బిగుసుకుపోయావు?" అంది పిడులమ్మ.

"చొక్కా బిగుతుగా ఉంది."

"నా కోసం ఇస్త్రీ చొక్కా వేసుకున్నావా? నాకెటూ కనబడదుగా," అని నవ్వింది, నవ్వి అతని మణికట్టు మీద రెండుసార్లు తట్టింది. కళ్ళు పోయాక ఆమెకు వేళాకోళం ఎక్కువైంది, తన మీద తానే వేసుకుంటుంది, వినేవాళ్ళు నవ్వాలో ఏడవాలో తెలియక చస్తారు. అతను నవ్వాడు, నవ్వినట్టు చప్పుడు చేశాడు, ఎందుకంటే నవ్వు ఆమెకు వినబడాలి. వేదిక మీద గాజు పెట్టెలో ఎర్ర మఖమలు గుడ్డ మీద వాళ్ళ కత్తి ఉంది, జానెడు అలుగు, నల్ల చెక్క పిడి, పిడికీ అలుగుకీ మధ్య ఇత్తడి పొన్ను, ఇక్కణ్ణుంచి చూసినా మెరుస్తోంది దొంగమొహంది. ఆ కత్తి పగిలింది. పొన్ను కింద, ఇనుము లోపల, వెంట్రుకవాసి పగులు. ఆ సంగతి ఇంత మందిలో ఒక్కడికే తెలుసు, ఆ ఒక్కడూ ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడో వరసలో నోరు కుట్టుకుని కూర్చున్నాడు.

పగిలిన ఇనుము చూస్తే తెలియదు, వింటే తెలుస్తుంది. కాల్చి సాగ్గొట్టిన అలుగును నూనెలో ముంచుతాం కదా, ఆ క్షణంలో అది బతకడమో చావడమో తేలిపోతుంది, తీసి కాస్త కాక చూపించి చల్లారనిచ్చి, పిడిలోకి దిగే తోక చివర రెండు వేళ్ళతో పట్టుకుని వేలాడదీసి గోటితో ఒక్క మీటు మీటితే, బాగున్నది ఖంగుమని మోగి ఆ మోత గది మూలల దాకా వెళ్ళి తిరిగొస్తుంది, పగిలినది టక్కుమని ఊరుకుంటుంది. పని నేర్పిన మేనమామ చెవికి అప్పటికే సగం చెవుడు, అయినా మోత మాత్రం పళ్ళతో వినేవాడు, అలుగును పళ్ళ మధ్య పెట్టుకుని మీటేవాడు, మోగకపోతే మారుమాట లేకుండా వైసులో బిగించి సుత్తితో ఒక్కటిచ్చి రెండు ముక్కలు చేసేవాడు, అదీ ఆ పూటే, అన్నం కూడా తినకుండా. పగిలినదాన్ని రేపటికి ఉంచితే రేపు దాని మీద జాలి పుడుతుందిరా అనేవాడు. ఎందుకంత పట్టుదల మామా అని ఎప్పుడూ అడగలేదు, అడగక్కర్లేదు, సాయంత్రాలు కొట్టు ముందు బల్ల మీద కూర్చుని టీ తాగే చెప్పుల తోలాయన బొటనవేలు చూస్తే చాలు. మామ కుర్రతనంలో చూసీ చూడనట్టు వదిలేసిన ఒకే ఒక్క కత్తి ఆయన చేతిలో విరిగింది, వేలు పోలేదు గానీ ఇక వంగలేదు, టీ గ్లాసును నాలుగు వేళ్ళతో పట్టుకునేవాడు, పల్లెత్తు మాట అనేవాడు కాదు, రోజూ వచ్చి అదే బల్ల మీద కూర్చునేవాడు, మామ రోజూ ఆయన గ్లాసు వంకే చూసేవాడు. తిట్టినా బాగుండేది పాపం. తిట్టకుండా ఇరవై ఏళ్ళు టీ తాగాడు.

కత్తులాయన పెళ్ళయ్యాక సానా పిడీ పిడులమ్మవి అయ్యాయి, కొలిమీ సుత్తీ తనవి. ఎవరూ పంచలేదు, వాటంతటవే పంచుకున్నాయి. మోగినవే ఆమె దాకా వెళ్ళేవి, మోగనివి వెళ్ళేవి కావు, అంతే లెక్క. నూనెలోంచి తీసి చల్లారే వేళకు ఆమె వెనక గదిలోంచి ఒకే మాట అడిగేది, ఆకురాయి ఆపకుండా, తల ఎత్తకుండా, మోగిందా అని. మోగితే మోగింది అనేవాడు, లేకపోతే వైసు బిగిసే చప్పుడే జవాబు. ఎన్ని వేలసార్లు. పోట్లాడుకుని మాటలు మానేసిన రోజుల్లో కూడా ఆ రెండు మాటలు మాత్రం మానలేదు, ఒకసారి పది రోజులు ఎడమొహం పెడమొహంగా ఉన్నప్పుడు ఆ ఇంట్లో వినబడిన మాటలన్నీ అవే, మోగిందా, మోగింది, మోగిందా, మోగింది, పదకొండో రోజున ఆమెకే నవ్వొచ్చేసింది. నువ్వూ ఒకసారి మీటి చూడరాదా అంటే, నువ్వు విన్నాక నేను మళ్ళీ వినడం దేనికి, నా పని నాకు లేదా, అనేది. ముప్పై ఏళ్ళలో ఒక్క అలుగునూ ఆమె మీటలేదు.

"కెటిలు ఎవరు పాడారు?" అంది పిడులమ్మ.

"ముందు వరసలో ఒకాయన. టై కట్టుకున్నాడు."

"తివాచీ ఎలా ఉంది?"

తివాచీ ఎలా ఉందో అతను చూళ్ళేదు, చూస్తే కదా చెప్పడానికి, ఎర్రగా ఉంది అన్నాడు, అంచులు నీలం అన్నాడు, వేదిక మీద ఉన్నది ఆకుపచ్చ తివాచీ. ముందు వరసలో ఎవరో, అబ్బ, పచ్చిక పరిచినట్టుంది కదా అన్నారు. పిడులమ్మ వేళ్ళు అతని మణికట్టు మీద కొంచెం సర్దుకున్నాయి. చూడు, తివాచీ రంగు కూడా అబద్ధమే చెప్పాడు, అవసరం లేని అబద్ధం, ఒకసారి నోరు అలవాటుపడితే ఇక దానికి పగ్గాలుండవు కాబోలు.

మొదటి అబద్ధం ఏడాది కిందట చెప్పాడు. డాక్టరు అప్పటికి నెలన్నర ముందే చెప్పేశాడు, ఇంకో రెండు నెలలు, మహా అయితే మూడు, తర్వాత వెలుతురూ చీకటీ తేడా తెలుస్తుందేమో అంతే. ఆమె ఏడవలేదు, ఇంటికొచ్చి అటక మీది నల్ల చెక్క దింపమంది, ఎప్పటికో అని దాచుకున్న చెక్క. ఎప్పుడూ అలుగు చూసుకుని దానికి తగ్గ పిడి చేసే మనిషి ఆసారి పిడి ముందు మొదలుపెట్టింది, నా కళ్ళు ఆగేలా లేవు, నీ ఇనుము ఆగుతుంది, దీనికి తగ్గట్టు నువ్వు కొట్టు అంది. ఆరు వారాలు. ఉదయం ఎండ కిటికీలోంచి బల్ల మీద పడే రెండు గంటలే పని, మిగతా పగలంతా కళ్ళు మూసుకుని కూర్చునేది, చూపు పొదుపు చేస్తున్నాను అనేది. పిడి నిండా సన్నటి ఇత్తడి చుక్కలు పొదిగింది, ఆవగింజలంతేసి, చుట్టూ తిరిగి పిడి కొస దాకా వెళ్ళే చుక్కల తీగ, చివర్లో ఆ చుక్కలు ఒకదానికొకటి దగ్గరైపోయాయి, ఎందుకలా అంటే కావాలనే అంది, కావాలని కాదని ఇద్దరికీ తెలుసు. అతను మొదట కొట్టిన అలుగు వంకర తిరిగింది, రెండోది మోగలేదు, రెండూ ఆ పూటే వైసులో ముక్కలయ్యాయి. మూడోది కొట్టిన ఉదయం ఆమె వచ్చి కొలిమి గది గుమ్మంలో నిలబడింది. ఎప్పుడూ వెనక గదిలోంచి అడిగే మనిషి, ఆ రోజు గుమ్మం పట్టుకుని నిలబడింది, పిడి కొంగులో చుట్టుకుని. నూనె పొగలో అతని ఆకారం ఆమెకు ఏ మాత్రం కనబడుతుందో అతనికి తెలియదు. మీటాడు. టక్కుమంది.

మోగిందా అంది ఆమె, అంత దగ్గర నిలబడి కూడా, ఎందుకంటే కొలిమి తిత్తి హోరు ఉంది, ఎందుకంటే ఆమె చెవులు అప్పటికింకా మామూలు చెవులే, ఎందుకంటే అడగడం ఆమె పని, వినడం అతని పని. మోగింది అన్నాడు. ఏం చేస్తాడు. ఆ ముఖం చూసి ఏ మొగుడు ఇంకో మాట అంటాడు. ఒక్క పూట గడువు కోసం అన్నాడు అంతే, ఆమె సాన పట్టేలోపు ఇంకో ముక్క తెచ్చి కొట్టి, చడీచప్పుడు లేకుండా మార్చేద్దామని, పాత ఇనుప సామాన్ల కొట్టుకు పరిగెత్తాడు, మంచి స్ప్రింగు ముక్క కోసం మూడు కొట్లు తిరిగాడు, తిరిగొచ్చేసరికి సాన అయిపోయింది, తోక వేడిచేసి లక్కలో దింపేసింది, ఇత్తడి మేకులు అడ్డంగా కొట్టి తలలు చదును చేసేసింది. ఆగితే రేపటికి కనబడుతుందో లేదో అని కూర్చున్నపళాన పెట్టేశా, చూడు, అంది. చూశాడు. ముప్పై ఏళ్ళలో ఆమె చేతిలోంచి అంత అందమైన పిడి రాలేదు. దాన్ని విప్పాలంటే చెక్క చీల్చాలి. ఆమె పడుకున్న ఒక మధ్యాహ్నం కిరసనాయిలు రాసి తుడిచి, సుద్దముక్క అద్ది చూశాడు, నా చెవే తప్పు విందేమో దేవుడా అని, కాసేపటికి పగుల్లోకి దిగిన కిరసనాయిలు తెల్లటి సుద్దలో తడి గీతగా లేచింది, పొన్ను కిందనుంచి బయటికి, బియ్యపు గింజంత. సుద్ద కడిగేసి కత్తిని ఎప్పటిలా గుడ్డలో చుట్టి ఆమె తలగడ పక్కన పెట్టాడు. మామ చెప్పినట్టే జాలి పుట్టింది. జాలి దాని మీదా, ఆమె మీదా, తన మీదా అనేది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇంట్లో ఉన్నంత కాలం ఏం కాదులే అనుకున్నాడు. ఇది నీ ఆఖరిది, దీన్ని వాడొద్దు, దాచుకుందాం అంటే సరేనంది. వాడని కత్తి విరగదు, ఎవర్నీ కొయ్యదు, బొమ్మలా పడుంటుంది, ఇద్దరూ పోయాక ఎవడో తూకానికి అమ్ముకుంటాడు, అలా ఒక ఏడాది గడిచింది. ఈలోపు ఆమె కర్రల బడికి వెళ్ళడం మొదలుపెట్టింది, చూపు పోయినవాళ్ళకు తెల్ల కర్ర పట్టుకుని నడవడం నేర్పే చోటు, పేరు వేరే ఏదో ఉంది, ఆమె మాత్రం కర్రల బడి అంటుంది. అక్కడ ఏం నేర్పారో గానీ ఇంట్లో ప్రతిదాన్నీ తట్టి చూడటం అలవాటైంది, గ్లాసులో నీళ్ళెంత ఉన్నాయో తట్టి చెబుతుంది, తలుపు తీసుందో వేసుందో తట్టి చెబుతుంది, ఒకసారి అతని నెత్తి మీద వేళ్ళతో తట్టి, ఇది బోలుగా ఉందే అంది. కత్తిని మాత్రం తట్టేది కాదు. నిమిరేది. నెల కిందట అతను బొగ్గులు తెచ్చుకుని ఇంటికొచ్చేసరికి తలగడ పక్కన గుడ్డ ఒక్కటే ఉంది. ఇచ్చేశాను అంది పిడులమ్మ, మొహం వెలిగిపోతూ. కర్రల బడిలో వంటగది కట్టిస్తున్నారంట, కళ్ళు లేనోళ్ళకి కూరగాయలు తరగడం నేర్పడానికి, దానికోసం వేలం పెడుతున్నారంట, తలా ఒకటి ఇమ్మన్నారు, నేనిది ఇచ్చా. ఆ కత్తి ఎందుకే, నేను ఇంకోటి చేసిస్తాగా, పది చేసిస్తా అన్నాడు. నీ కత్తులు నువ్విచ్చుకో, ఇది నాది, గుడ్డలో చుట్టి పెట్టుకుని నేనేం చేసుకుంటా, తరగని కత్తి కత్తా, అంది. ఆ మాటకు ఎదురు చెప్పడానికి అతని దగ్గర ఒకే ఒక్క మాట ఉంది, అది అనకుండా బొగ్గులు ఎత్తుకుని కొలిమి గదిలోకి వెళ్ళాడు.

వారం తిరిగాక కర్రల బడి మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాడు, అమ్మా ఆ కత్తిలో లోపముంది, మా ఆవిడకి చెప్పకండి, దీని బదులు ఇది తీసుకోండి, అంటూ సంచిలో ఇంకో కత్తి కూడా పట్టుకెళ్ళాడు. మేడమ్ అప్పటికే గాజు పెట్టె చేయించింది. పక్కన అట్టముక్క మీద పెద్దక్షరాలతో, చూపు పోకముందు చేసిన ఆఖరి పిడి, అని రాయించింది, ఫొటో తీసి కరపత్రం మీద వేయించింది, ఇది మా వేలానికే మకుటం అండీ, మీ ఆవిడ ఎంత మనిషండీ, అని కళ్ళు తుడుచుకుంది కూడా. అంతా విని, అవునండీ అని, సంచి చంకలో పెట్టుకుని, ప్రవేశం టికెట్లు రెండు కొనుక్కుని బయటికొచ్చాడు. టికెట్లు. చెప్పడానికి వెళ్ళినవాడు టికెట్లు కొనుక్కొచ్చాడు. అలాంటి వెధవను ఎక్కడైనా చూశారా.

ఊలు దుప్పటి అయిపోయింది. గాజు పెట్టె బల్ల ముందుకు జరిపారు. ఇందాక హాల్లోకి వచ్చేటప్పుడు వస్తువులన్నీ చూసుకునేందుకు వదిలినప్పుడు ఆ పెట్టె ముందు ఒకామె ఎంతసేపో నిలబడింది, మిల్లు క్యాంటీన్లో వంటామె, మోచేతి దాకా పాత నూనె చుక్కల మచ్చలు, నెత్తి మీద వల టోపీ ఆనవాలు ఇంకా నుదుటి మీద గీతలా ఉంది. చేసింది వీళ్ళేనని తెలిసి దగ్గరికొచ్చి, "పిన్నీ, ఇది రోజూ వాడుకోవచ్చా, అద్దాల్లో పెట్టుకునే రకమా?" అని అడిగింది. "వాడటానికే చేశామమ్మా," అంది పిడులమ్మ. "గుమ్మడికాయ తెగుతుందా? మాకు రోజూ బస్తా గుమ్మడికాయలు." "బాబాయిని అడుగు," అంది పిడులమ్మ, "ఇనుము ఆయనది." వంటామె అతని వంక చూసింది. గుమ్మడికాయ. రెండు చేతులూ వేసి, మొత్తం ఒంటి బరువు వేసి, అటూ ఇటూ మెలితిప్పుతూ దింపాలి, సరిగ్గా పొన్ను దగ్గరే బరువంతా పడుతుంది, మొదటి రోజు కాకపోతే పదో రోజు, టక్కుమంటుంది, పై ముక్క ఎటు ఎగురుతుందో ఎవడు చెప్పగలడు, మొహం దాని మీదికి వంచి ఉంటుంది కదా మనిషి. అదే సమయం. అమ్మా, వద్దు, అనాలి. రెండు మాటలు. పిడులమ్మ చెయ్యి మణికట్టు మీదే ఉంది. "మెత్తటివాటికి బాగుంటుంది," అన్నాడు. వంటామె నవ్వి, "బాబాయ్ గారికి కత్తి మీద మమకారం," అంది, పిడులమ్మ కూడా నవ్వింది, ముగ్గురూ నవ్వారు.

పాట మొదలైంది. ఇచ్చినవాళ్ళు పాడకూడదని కరపత్రం వెనక రాసి ఉంది, అందుకని బొగ్గుల కొట్టాయన్ను బతిమాలి పంపించాడు, ఎందుకూ ఏమిటీ అని అడగొద్దు, దాన్ని పాడు, ఇదిగో నా దగ్గరున్నది ఇంతే, అని. బొగ్గులాయన రెండో వరసలో నల్లటి గోళ్ళతో చెయ్యెత్తాడు, ఎవరో పెంచారు, మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పెంచారు, మూడోసారికి అతనిచ్చినదంతా అయిపోయింది, వెనక్కి తిరిగి కనుబొమలు పైకెత్తి పెదవి విరిచాడు. అంతే ఆ దారి. రెండు నిమిషాల్లో తేలిపోయే ఉపాయాన్ని నెల రోజులు గుండెల్లో పెట్టుకుని తిరిగాడు. ఇక మిగిలింది ఇద్దరు. నగల కొట్టు యజమాని, ఆయనైతే గాజు బీరువాలో దీపం కింద పెట్టుకుంటాడు, చచ్చినా దాంతో నిమ్మకాయ కూడా కొయ్యడు, ఆయన మొహం ఇంతకుముందెప్పుడూ ఇంత ముద్దుగా కనబడలేదు కత్తులాయనకు. రెండో మనిషి వంటామె. క్యాంటీన్ వాళ్ళంతా కలిసి డబ్బు వేసుకున్నారట, ఆమె చెయ్యెత్తినప్పుడల్లా వెనక వరసలో నలుగురైదుగురు ఒకేసారి మెడలు చాస్తున్నారు. నగలాయన పెంచాడు. వంటామె పెంచింది. నగలాయన పెంచాడు. పెంచు బాబూ, పెంచు, నీకేం తక్కువ, ఇంకోసారి. వంటామె వెనక్కి తిరిగి వాళ్ళతో ఏదో గుసగుసలాడింది, ఒకడు జేబులు తడుముకున్నాడు, ఆమె ఇంకోసారి చెయ్యెత్తింది, ఆ చెయ్యి సగమే లేచింది. అయిపోయింది వాళ్ళ దగ్గర. కత్తులాయన ఊపిరి వదిలాడు, ఆ ఊపిరి పిడులమ్మకు తెలిసే ఉంటుంది. మాస్టారు నగలాయన వైపు తిరిగాడు. నగలాయన చెయ్యి కోటు జేబులోంచి తీశాడు, వంటామె వంక చూశాడు, నిండుగా నవ్వి, "ఆవిడకే ఇచ్చెయ్యండి మాస్టారూ, నా దగ్గరైతే బీరువాలో పడుంటుంది, ఆవిడైతే వాడతారు," అన్నాడు. హాలంతా చప్పట్లు. మంచి మనిషి, ఎంత మంచి మనిషి, నాశనమైపోను, ఇవాళే గుర్తొచ్చిందా మంచితనం. ఒకటోసారి, రెండోసారి, అంటున్నాడు మాస్టారు, మూడోసారికి ముందు ఎప్పుడూ ఆగినట్టే ఆగాడు, ఆ ఆగినంతసేపూ ఆగండి అన్న మాట అతని నోట్లో నాలుక మీద కూర్చునే ఉంది. మూడోసారి. అయిపోయింది.

"ఎవరికి వచ్చింది?" అంది పిడులమ్మ అతని వైపు వంగి.

"వంటామెకి."

"అమ్మయ్య," అంది.

మేడమ్ దిగి వచ్చింది. చేసినవాళ్ళ చేతుల మీదుగా కొన్నవాళ్ళకు అందించాలట, ఇద్దరూ రండి అంది. అతను లేవకుండా కుర్చీ అంచు పట్టుకున్నాడు. ఆయనకి జనమంటే సిగ్గులెండి, ఉండనీయండి, అని పిడులమ్మ తానే లేచి మేడమ్ మోచెయ్యి పట్టుకుంది. మణికట్టు ఖాళీ అయింది. ఏడాదిగా బయటికొస్తే ఎప్పుడూ ఏదో బరువున్న చోట ఒక్కసారిగా ఏమీ లేకపోయేసరికి ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు అతనికి. ఆమె మెట్లెక్కింది, నాలుగు మెట్లు. పెట్టె తెరిచి కత్తి తీసి ఆమె చేతిలో పెట్టారు, బొటనవేలు దానంతటదే వెళ్ళి పొన్ను మీద వాలింది. వంటామె పక్కన నిలబడి చీర కొంగుకు చేతులు తుడుచుకుంటోంది. మేడమ్ మైకు దగ్గరగా జరిపి, రెండు మాటలు చెప్పండమ్మా అంది. ఇచ్చెయ్, ఇచ్చెయ్, మాటలెందుకు, ఇచ్చేసి దిగు, రేపు నేను క్యాంటీనుకు వెళ్ళి ఎలాగోలా ఏదో ఒకటి చెప్పి తెచ్చుకుంటాను, రేపు చెబుతాను, ఒట్టు.

"నాకు మాటలు రావు," అంది పిడులమ్మ మైకులో, మొదట గట్టిగా వినబడేసరికి తనే ఉలిక్కిపడి నవ్వింది. "పిడి నాది. ఇనుము ఆయనది. మా ఇంట్లో ఒక పద్ధతుంది. కత్తి బయటికెళ్ళే ముందు మోగించి చూస్తాడు. ఎప్పుడూ ఆయనే వింటాడు, నేను ఇన్నేళ్ళలో ఒక్కసారీ వినలేదు. వినక్కర్లేకపోయింది. పిడి వేశాక మోత సన్నబడుతుంది గానీ, ఉంటుంది. ఇవాళ మీకు వినిపిస్తా. మా ఆయన చేసింది ఎలా మోగుతుందో మీరూ వినండి."

ఆమె పిడిని రెండు వేళ్ళ మధ్య వదులుగా వేలాడదీసి, అలుగును మైకు దగ్గర పెట్టి, గోటితో మీటింది. టక్. మైకు దాన్ని హాలంతా పంచింది. జనానికేం తెలుసు, కొంతమంది చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వు మొహం మీద అలాగే ఉంది, తీయడం మర్చిపోయినట్టు. ఇంకోసారి మీటింది. టక్. ఈసారి గోరు అక్కడే ఆగింది, అలుగు వెంట కిందికి జారుతూ పొన్ను దాకా వచ్చి, అక్కడ ఆగి, కొంచెం వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకు వచ్చింది. ఆ వేళ్ళు అతనికి తెలుసు. అవి వెతుకుతున్నది దొరికినప్పుడు ఎలా ఉంటాయో కూడా తెలుసు. చప్పట్లు తగ్గాయి. ఆమె తలెత్తి అతను కూర్చున్న వైపు మొహం తిప్పింది, సరిగ్గా అతని వైపు కాదు, ఒక కుర్చీ ఎడంగా, ఆమె లేచి వెళ్ళిన ఖాళీ కుర్చీ వైపు.

"మోగిందా?" అంది.

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. మాస్టారు మైకు వంక చూశాడు. వంటామె కత్తి వంక చూసింది. కొలిమి హోరు లేదు, నూనె పొగ లేదు, ఒక్క పూట గడువు కూడా లేదు. కత్తులాయన లేచి నిలబడ్డాడు.

"మోగలేదు," అన్నాడు.

"ఆ రోజు?"

"ఆ రోజూ మోగలేదు."

ఆమె తల ఊపింది, బజార్లో ఎవరో దారి చెబితే ఊపినట్టు. కత్తిని జాగ్రత్తగా, అలుగు లోపలికి వచ్చేలా కొంగులో చుట్టుకుంది, ఒకప్పుడు పిడిని చుట్టుకున్నట్టే. వంటామె వైపు తిరిగి చెయ్యి చాపి వెతికి ఆమె భుజం దొరకబుచ్చుకుంది. "ఇది నీకివ్వనమ్మా. ఇది విరిగిపోతుంది. నీకు ఇంకోటి ఇస్తాం. ఆయన కొడతాడు, పిడి నేను తడుముకుంటూ పెడతా, ఇంత బాగా రాదు. మోగిందో లేదో మాత్రం ఈసారి నేనే వింటా," అంది. అతను ఎలాగో వేదిక దాకా నడిచి, మెట్ల కింద నిలబడి, మణికట్టు పైకి చాపాడు, ఆమెకు అందేలా, రోజూ చాపినట్టే. వచ్చాను, అన్నాడు. ఆమె విన్నది. విని, చంకలోంచి తన తెల్ల మడత కర్ర తీసి, ఒక్కో ముక్కా బిగించి నిటారుగా చేసుకుని, మొదటి మెట్టును తట్టింది, దాని చప్పుడు వినేదాకా ఆగి కాలు పెట్టింది, రెండో మెట్టును తట్టి ఆగింది, మూడోదాన్నీ అంతే, నాలుగోదాన్నీ అంతే, చాపిన చెయ్యి పక్కనుంచే వెళ్ళి కుర్చీల మధ్య దారిలోకి దిగి, నేలను తట్టుకుంటూ, వింటూ, తలుపు వైపు నడిచింది. అతను చెయ్యి దించుకుని ఆమె వెనకే వెళ్ళాడు.